చిన్న కెమెరా చేతిలో కుదురుకోవాలంటే: బరువు, పట్టు, బటన్ల సర్దుబాటు

జేబులో పట్టే కెమెరా కొనేటప్పుడు బరువు తక్కువ, సైజు చిన్నది అని మురిసిపోతాం. చేతికొచ్చాక అసలు సంగతి తెలుస్తుంది. చిటికెనవేలికి చోటుండదు. బొటనవేలు వెనకున్న ఏదో ఒక బటన్‌ని నొక్కేస్తూ ఉంటుంది. కాస్త పెద్ద లెన్స్ తగిలిస్తే కెమెరా ముక్కు కిందికి వాలిపోతుంది. వెంటనే ఒక గ్రిప్పు కొని బిగించేస్తారు చాలామంది. ఇబ్బంది ఎక్కడుందో చూడకుండా బిగించిన గ్రిప్పు బరువు పెంచుతుందే తప్ప వణుకు తగ్గించదు.

రికో జీఆర్ 3 బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు. 2012లో వచ్చిన మొదటి సోనీ ఆర్ఎక్స్100 240 గ్రాములు. ఇంత తేలికైన వస్తువు వేలి నొక్కుడుకే కదిలిపోతుంది. మనిషి చేతికి సహజంగా ఉండే సన్నని వణుకు సెకనుకు 8 నుంచి 12 సార్లు ఉంటుంది. బరువైన కెమెరా తన జడత్వంతో దాన్ని కొంత మింగేస్తుంది, తేలికైనది ఆ వణుకునంతా ఫొటోలోకి పంపేస్తుంది. అలాగని సీసం ముక్క కట్టుకుని తిరగక్కర్లేదు. పట్టు ఎక్కడ జారుతోందో, బరువు ఎక్కడ కూర్చుందో తెలిస్తే చాలావరకు పైసా ఖర్చు లేకుండా సరిచేయొచ్చు. ఏదైనా తగిలించడం ఆ తర్వాతి మాట.

1. ముందు కొలవండి

కావలసినవి: వంటింటి డిజిటల్ త్రాసు, గుండ్రటి పెన్సిల్, స్కేలు, మాస్కింగ్ టేప్, రెండు చిన్న ఎల్ఈడీ లైట్లు.

బాడీని బ్యాటరీ, కార్డుతో సహా తూచండి. లెన్స్‌ని హుడ్‌తో, ఫిల్టర్‌తో విడిగా తూచండి. లెన్స్ బరువు బాడీ కంటే తక్కువైతే మీ సమస్య దాదాపు ఖాయంగా పట్టుదే. లెన్స్ బాడీని మించితే సమస్య తూకానిది, దానికి మందు వేరు.

తర్వాత తూగే చోటు చూడాలి. పెన్సిల్‌ని బల్ల మీద టేపుతో అతికించి, కెమెరాను లెన్స్‌తో సహా దాని మీద అడ్డంగా పెట్టి ముందుకీ వెనక్కీ జరపండి. ఎటూ వాలకుండా నిలబడే గీత దొరుకుతుంది. అక్కడ లెన్స్ మీదో బాడీ మీదో చిన్న టేపు ముక్క అంటించండి. జూమ్ లెన్స్ అయితే మూసినప్పుడు ఒకసారి, పూర్తిగా చాచినప్పుడు ఒకసారి చూడాలి. బయటికి పొడుచుకొచ్చే జూమ్‌లలో ఈ గీత స్పష్టంగా ముందుకు జరుగుతుంది. ఎడమ అరచేయి ఉండాల్సింది ఈ రెండు గీతల మధ్య. ఫిక్స్‌డ్ లెన్స్ కాంపాక్ట్‌లలో గీత బాడీ కిందే పడుతుంది, అక్కడ ఈ పని నిమిషంలో అయిపోతుంది.

మూడో పరీక్ష కొంచెం ఓపికతో చెయ్యాలి, కానీ రోగం ఏమిటో బయటపెట్టేది ఇదే. చీకటి గదిలో మూడు మీటర్ల దూరాన ఒక ఎల్ఈడీ ఫ్రేము మధ్యలో, ఇంకొకటి ఫ్రేము అంచున పడేలా పెట్టండి. ఫోకస్‌ని లైటు మీద కుదిర్చి మాన్యువల్‌లో ఆపేయండి. స్టెబిలైజేషన్ (వణుకుని కెమెరాయే సరిదిద్దే సదుపాయం) ఆఫ్ చేసి, షట్టర్ వేగం సెకనులో నాలుగో వంతు పెట్టి, మీరు మామూలుగా పట్టుకునే తీరులోనే పది ఫొటోలు తియ్యండి. ప్రతి లైటూ ఒక గీతలా పడుతుంది. ఆ గీతల్ని ఇలా చదవాలి:

- రెండు లైట్లూ ఒకేలాంటి నిలువు గీతలైతే కెమెరా ముక్కు కిందికీ పైకీ ఊగుతోంది. కింద ఆసరా లేదు.
- రెండూ ఒకేలాంటి అడ్డగీతలైతే మోచేతులు ఒంటికి దూరంగా ఉన్నాయి, లేదా నడుము తిరుగుతోంది.
- మధ్య లైటు దాదాపు చుక్కలాగే ఉండి, అంచు లైటు మాత్రం వంపు తిరిగిన గీతైతే కెమెరా లెన్స్ చుట్టూ గిరుక్కున తిరిగింది. కుడి చూపుడువేలు షట్టర్‌ని కిందికి నొక్కుతోంది, దానికి ఎదురు తట్టే వేలు కిందవైపు లేదు.

చిన్న కెమెరాల్లో తరచూ కనిపించేది మూడోది. షట్టర్ బటన్ కుడి మూలన ఉంటుంది. బాడీ పొట్టిగా ఉండటంతో చిటికెనవేలు గాల్లో వేలాడుతుంది. నొక్కిన ప్రతిసారీ కుడివైపు కిందికి దిగుతుంది. ముందుభాగాన ఎంత లావు గ్రిప్పు అంటించినా ఇది తగ్గదు. చిటికెనవేలిని మడిచి బాడీ అడుగున పెడితే తగ్గుతుంది.

2. బరువు లెక్క ఒకసారి వేసుకోండి

బాడీ 350 గ్రాములు అనుకుందాం. దాని తూగే చోటుని సున్నా అనుకోండి. లెన్స్ 500 గ్రాములు, దాని తూగే చోటు బాడీ తూగే చోటుకి 60 మి.మీ. ముందుంది. రెండూ కలిపాక తూగే చోటు: 500 × 60 ÷ 850, అంటే 35 మి.మీ. ముందు. కుడిచేతి పట్టు సున్నా దగ్గరుంటే, 850 గ్రాముల బరువు 35 మి.మీ. ముందు నుంచి మణికట్టుని కిందికి మెలిపెడుతూ ఉంటుంది.

ఇప్పుడు బాడీ కింద 100 గ్రాముల లోహపు గ్రిప్పు బిగించారు. 500 × 60 ÷ 950, అంటే 31.6 మి.మీ. వంద గ్రాములు మోసినందుకు దక్కింది మూడున్నర మిల్లీమీటర్లు! అదే లెన్స్ తీసేసి, 200 గ్రాములుండి 25 మి.మీ. దగ్గర తూగే చిన్న లెన్స్ పెడితే తూగే చోటు 9 మి.మీ.కి వచ్చేస్తుంది. బాడీకి బరువు చేర్చి ముక్కు వాలడాన్ని ఆపాలనుకోవడం వృథా ప్రయాస అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. గ్రిప్పు వల్ల వచ్చే లాభం వేళ్ళకి చోటు దొరకడం, అంతే. అది చిన్న లాభమేమీ కాదు, కానీ అది వేరే లాభం.

3. ఏమీ కొనకుండా సరిచేసేవి

ఎడమ చెయ్యి ముందు. అరచేతిని ఆకాశంవైపు తిప్పి, ఇందాక టేపు అంటించిన చోట లెన్స్‌ని దాని మీద కూర్చోబెట్టండి. బొటనవేలు, చూపుడువేలు లెన్స్ రింగు మీద ఉంటాయి. లెన్స్‌ని పక్కల నుంచి పట్టకారుతో పట్టినట్టు పట్టుకోకండి, కింద నుంచి మొయ్యండి. బరువు ఎడమ చేతి మీదకి పోతే కుడిచేతికి బటన్ల పని తప్ప ఏమీ మిగలదు. లెన్స్ మరీ పొట్టిదైతే (పాన్‌కేక్ రకం) ఎడమ చూపుడువేలిని వంచి బాడీ ఎడమ అడుగుభాగాన మెట్టులా పెట్టి, బొటనవేలితో పక్క నుంచి ఆపండి. వేలి కొస లెన్స్ ముందుకు వచ్చిందేమో స్క్రీన్‌లో చూసుకోవాలి. 28 మి.మీ. లాంటి వెడల్పు కోణంలో వేలి నీడ మూలన పడటం చాలా మామూలు.

మోచేతులు పక్కటెముకలకి ఆనాలి. వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) ఉంటే కనుబొమకి ఆనించండి, అది మూడో ఆధారం. వ్యూఫైండర్ లేని కెమెరాలో చేతులు చాచి స్క్రీన్ చూస్తూ తియ్యడమే అన్ని వణుకులకీ మూలం. దీనికి మెడపట్టీని వాడుకోండి. పట్టీ మెడలో వేసుకుని, కెమెరాను ముందుకు తోస్తే మోచేతులు ఇంకా కొంచెం వంగి ఉండగానే పట్టీ బిగుసుకునేలా పొడవు సరిచెయ్యండి. బిగువు నిలకడగా ఉంచి నొక్కండి. పైన చెప్పిన ఎల్ఈడీ పరీక్షని పట్టీ బిగువుతో, బిగువు లేకుండా చేసి చూస్తే తేడా గీతల పొడవులోనే తెలుస్తుంది.

నొక్కే తీరు: చూపుడువేలి కొసతో పొడిచినట్టు కాక, వేలి మెత్తని భాగాన్ని బటన్ మీద ఉంచి, సగం నొక్కి ఆపి, ఊపిరి సగం వదిలాక మిగతా సగం మెల్లగా పిండండి. మూడు ఫ్రేముల బర్స్ట్ (ఒక్క నొక్కుకి వరుసగా మూడు ఫొటోలు) పెట్టుకుంటే ఇంకా మేలు. వేలి తాకిడి మొదటి ఫ్రేములో పడుతుంది, రెండోది చాలాసార్లు స్పష్టంగా వస్తుంది. కెమెరాను ఎక్కడైనా ఆనించి తీసేటప్పుడు 2 సెకన్ల టైమర్ చాలు.

దారం ఉపాయం పాతదే అయినా పనికొస్తుంది. ట్రైపాడ్ బెజ్జంలో కంటి బోల్టు బిగించి, దానికి రెండు మీటర్ల గట్టి దారం కట్టి, రెండో కొసని కాలికింద తొక్కిపట్టి కెమెరాను పైకి లాగండి. నిలువు ఊగు బాగా తగ్గుతుంది. అడ్డం ఊగుని ఇది ఆపదు.

4. పట్టీ

500 గ్రాముల లోపు కెమెరాకి మణికట్టు పట్టీ చాలు, కానీ దాన్ని కుడివైపు కొక్కేనికే కట్టాలి. రెండు వేళ్ళ వెడల్పు పట్టీ చిన్న కెమెరాకి దండగ. అది గ్రిప్పు మీదకి జారి వేళ్ళకి అడ్డుపడుతుంది. సన్నని తాడు రకం మేలు. లోహపు రింగు వాడితే బాడీకి గీతలు పడకుండా రింగు కింద తోలు బిళ్ళ ఉండాలి. దానంతటది జారే ముడి వెయ్యకండి. కొక్కెం సన్నగా ఉండి తాడు దూరకపోతే పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ముందు దూర్చి, దానితో తాడుని లాగండి.

5. బొటనవేలి ఆసరా

హాట్ షూలో (బయటి ఫ్లాష్ తగిలించడానికి కెమెరా పైన ఉండే గాడి) దూర్చే లోహపు కొక్కెం ఇది. వంద గ్రాముల గ్రిప్పు చెయ్యలేని పని ఇరవై గ్రాములతో చేస్తుంది. కుడిచేతి బిగువు మూడు వేళ్ళ నుంచి బొటనవేలికి మారుతుంది, వేళ్ళు వదులవుతాయి, షట్టర్ వేలు తేలికపడుతుంది. ముందువైపు నున్నగా ఉన్న కెమెరాలకైతే మొదట చూడాల్సింది ఇదే.

తీసుకునే ముందు మూడు చూడాలి. వెనక డయల్ తిప్పడానికి అడ్డొస్తుందా. స్క్రీన్ పైకి లేచే రకమైతే తగులుతుందా. బొటనవేలు ఆనే వంపు మీ వేలి మొదటి కణుపు దగ్గర పడుతోందా, లేక గోటి దగ్గరా. గోటి దగ్గర పడితే పది నిమిషాలకే నొప్పి పుడుతుంది.

వదులుగా ఉంటే, షూలోకి దూరే పాదం కింద సన్నని టేపు ఒక పొర అంటించి దూర్చండి. బిగుతుగా ఉంటే సుత్తి జోలికి పోవద్దు, పాదం అంచులని సన్నని ఆకురాయితో రెండు మూడు సార్లు గీకండి. అడుగున ఉన్న లోహం షూ మధ్యలోని కాంటాక్టులకి తగలకూడదు. కొన్ని మోడళ్ళలో షూ పట్టాలో చిన్న స్విచ్ ఉంటుంది. అందులో ఏదైనా దూరితే కెమెరా బయటి ఫ్లాష్ పెట్టారనుకుని లోపలి ఫ్లాష్‌ని ఆపేస్తుంది. ఫ్లాష్ పాడైందని కంగారుపడి సర్వీసుకి ఇచ్చేముందు ఆసరా తీసి చూడండి.

కెమెరాను ఈ కొక్కెంతో ఎత్తకండి. షూని పట్టి ఉంచేవి చిన్న స్క్రూలు. కెమెరా బరువంతా మీటలా వాటి మీద పడితే షూ ఒకవైపు లేస్తుంది.

6. ముందువైపు అంటించే గ్రిప్పు

రబ్బరు లేదా అల్యూమినియం పట్టీని రెండువైపులా జిగురున్న ఫోమ్ టేపుతో అంటించే పద్ధతి ఇది. మామూలుగా 3ఎం వీహెచ్‌బీ రకం టేపు వాడతారు. ఊడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు టేపు తప్పు ఉండదు, అంటించిన తీరు తప్పు.

ముందు చోటు తేల్చుకోండి. గ్రిప్పుని మాస్కింగ్ టేపుతో తాత్కాలికంగా నిలిపి రెండు రోజులు వాడండి. గ్రిప్పుకీ లెన్స్‌కీ మధ్య వేళ్ళు దూరే చోటుండాలి. చిన్న బాడీలో 8 నుంచి 10 మి.మీ. ఎత్తు దాటితే వేళ్ళ కణుపులు లెన్స్ గొట్టానికి రాసుకుంటాయి. ముందువైపు ఉండే మైకు రంధ్రాలు, ఆటోఫోకస్ లైటు, రిమోట్ సెన్సార్ మూసుకోకూడదు. చోటు ఖాయమయ్యాక చుట్టూ మాస్కింగ్ టేపు హద్దు అంటించండి.

1. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సగం సగం కలిపి గుడ్డకి తడి చేసుకోండి. కెమెరా మీద నేరుగా పొయ్యొద్దు. చేతి జిడ్డంతా పోయేలా రెండుసార్లు తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అద్దం, స్క్రీన్ జోలికి పోవద్దు.
2. గది, కెమెరా 21 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చలిలో జిగురు గట్టిపడి ఉపరితలంలోని గుంటల్లోకి పారదు.
3. టేపు వెనక కాగితం తీశాక జిగురు ముఖానికి వేలు తగలనివ్వకండి. కింది అంచు ముందు ఆనించి, పైకి దొర్లించినట్టు అంటించండి. గాలి లోపల ఇరుక్కోదు.
4. బొటనవేలితో ప్రతి అంగుళాన్నీ పది పదిహేను సెకన్లు గట్టిగా నొక్కండి. ఈ టేపుకి నొక్కుడే ప్రాణం. నొక్కేటప్పుడు ఆసరా బాడీకి ఉండాలి, లెన్స్‌ని బల్లకి ఆనించి నొక్కకండి.
5. ఇక వదిలెయ్యండి. పట్టు ఇరవై నిమిషాల్లో సగం, 24 గంటల్లో 90 శాతం, 72 గంటల్లో పూర్తిగా వస్తుంది. అదే రోజు గ్రిప్పు పట్టుకుని కెమెరా ఎత్తినవాళ్ళకే అది ఊడి చేతిలోకొస్తుంది.

కృత్రిమ తోలు అంటించిన బాడీ అయితే ఒక చిక్కుంది. టేపు తోలుని గట్టిగా పట్టుకుంటుంది, తోలు మాత్రం బాడీని వదిలేస్తుంది. తోలు అంచు గోటితో లేస్తోందేమో ముందే చూడండి. లేస్తుంటే ఈ పద్ధతి మీకు కాదు, తరువాత చెప్పే బోల్టు పద్ధతికి వెళ్ళండి. ఏళ్ళ తరబడి వాడాక జిగటగా మారిన రబ్బరు పూత మీదా ఏ టేపూ నిలవదు.

తియ్యాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో గ్రిప్పుని గోరువెచ్చగా చేసి, ఫ్లాస్ దారాన్ని గ్రిప్పు వెనక దూర్చి రంపంలా ఇటూ అటూ లాగండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి. మిగిలిన జిగురు వేలితో దొర్లిస్తే ఉండలుగా వచ్చేస్తుంది.

స్కేట్‌బోర్డు మీద వేసే గరుకు టేపుని గ్రిప్పుగా వాడమనే సలహా అక్కడక్కడా కనిపిస్తుంది. పట్టు దొరుకుతుంది నిజమే. వేళ్ళ చర్మం, జేబు గుడ్డ, పక్కనున్న లెన్స్ కోటింగు మాత్రం అరిగిపోతాయి. రబ్బరు తరహా టేపు తీసుకోండి.

7. బోల్టుతో బిగించే గ్రిప్పు, మీ చేత్తో

మార్కెట్లో మీ మోడల్‌కి దొరక్కపోతే ఒక సాయంత్రం పని ఇది. ఉదాహరణగా 105 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. మందం ఉన్న కెమెరా తీసుకుందాం. కావలసినవి: 3 మి.మీ. మందం అల్యూమినియం రేకు 100 × 52 మి.మీ., చేవ ఉన్న కలప ముక్క 50 × 20 × 18 మి.మీ., 1 మి.మీ. కార్క్ షీటు, పావు అంగుళం బోల్టు ఒకటి, 3 మి.మీ. చెక్క స్క్రూలు రెండు, ఎపాక్సీ.

బోల్టు దగ్గరే ఎక్కువమంది కెమెరా చెడగొట్టుకుంటారు. కెమెరా అడుగు బెజ్జం కొలత పావు అంగుళం (6.35 మి.మీ.), అంగుళానికి 20 చుట్లు. ఐఎస్ఓ 1222 ప్రమాణం చెప్పేది దీని గురించే. ఎక్కడ పడితే అక్కడ దొరికేది ఎం6 బోల్టు: 6 మి.మీ. లావు, చుట్టుకీ చుట్టుకీ మధ్య 1 మి.మీ. మనకి కావలసినదానిలో ఆ దూరం 1.27 మి.మీ. ఎం6 కంటికి అలాగే కనిపిస్తుంది, ఒకటిన్నర చుట్టు దిగుతుంది కూడా. ఆపైన బలవంతంగా తిప్పితే బెజ్జంలో మరలు తెగిపోతాయి. బోల్టు వేళ్ళతోనే చివరిదాకా దిగాలి. ఎక్కడ ఆగినా అది తప్పు బోల్టు.

పొడవు అంతకన్నా ముఖ్యం. పంటిపుల్ల బెజ్జంలో దూర్చి లోతు గుర్తుపెట్టుకోండి. ట్రైపాడ్ స్క్రూ 5.5 మి.మీ. కంటే తక్కువ ఉండాలని సోనీ తన మాన్యువళ్ళలో చెబుతుంది. మన రేకు 3 మి.మీ., కార్క్ 1 మి.మీ. మూడు ఎనిమిదో వంతుల అంగుళం బోల్టు అంటే 9.5 మి.మీ. పొడవు. అందులో 4 పోతే 5.5 మి.మీ. లోపలికి వెళుతుంది, సరిగ్గా హద్దు మీద. బిగించినప్పుడు కార్క్ నలుగుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే వెళుతుంది. అందుకే బోల్టు తల కింద 1 మి.మీ. వాషర్ వెయ్యాలి. అప్పుడు నాలుగున్నర నుంచి ఐదు మి.మీ. దిగుతుంది. నాలుగు చుట్లకి దగ్గరగా పట్టు ఉంటుంది, బెజ్జం అడుగుకి కొస తగలదు. అడుగుకి తగిలితే బోల్టు బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, గ్రిప్పు మాత్రం వదులుగా ఊగుతూ ఉంటుంది. ఇంకా తిప్పితే బెజ్జం పాడవుతుంది.

ఇక పని. కెమెరా అడుగున కాగితం పరిచి, పెన్సిల్ పక్కవాటంగా రుద్దండి. బెజ్జం అంచు, బ్యాటరీ తలుపు గీతలు, స్పీకర్ రంధ్రాలు కాగితం మీద తేలతాయి. అదే మీ నమూనా. చిన్న కెమెరాల్లో బెజ్జం లెన్స్‌కి సరిగ్గా కింద ఉంటుందని నమ్మకం లేదు, అంచనాతో బెజ్జం వెయ్యొద్దు. నమూనాని రేకు మీద అంటించి ఎల్ ఆకారం గీయండి: కెమెరా కింద 100 × 32 మి.మీ. పట్టీ, కుడి కొసన చెక్కముక్క కూర్చునేందుకు ముందుకు పొడుచుకొచ్చే 22 × 20 మి.మీ. నాలుక. బ్యాటరీ తలుపు తెరుచుకునేంత మేర రేకుని కోసెయ్యగలిగితే కోసెయ్యండి. లేకపోతే కార్డు తీసిన ప్రతిసారీ బోల్టు విప్పాలి. పది రోజులకి విసుగొచ్చి గ్రిప్పుని మూల పడేస్తారు. స్పీకర్ రంధ్రాల చోట కూడా రేకు కోయాలి.

బెజ్జాన్ని ముందు 3 మి.మీ. డ్రిల్‌తో, తర్వాత 6.5 మి.మీ.తో వెయ్యండి. నేరుగా పెద్దది వేస్తే సన్నని రేకు డ్రిల్‌కి చిక్కి గిర్రున తిరుగుతుంది, చేతికి ప్రమాదం. రేకుని బల్లకి బిగించి, కింద చెక్క పెట్టండి. అంచులని ఆకురాయితో గుండ్రం చెయ్యండి. మూలలు చేతిని కోయకూడదు.

చెక్కముక్క రేఖలు నిలువుగా ఉండేలా నిలబెట్టండి, అడ్డంగా ఉంటే వేళ్ళ లాగుడికి విరుగుతుంది. అయితే స్క్రూలు కింద నుంచి రేఖల కొసలోకి దిగుతాయి, అక్కడ చెక్క పట్టు తక్కువ. అందుకే పొట్టి స్క్రూలు చాలవు, 20 నుంచి 25 మి.మీ. పొడవువి వాడి, 2 మి.మీ. దారి బెజ్జంలో ఒక చుక్క ఎపాక్సీ వేసి బిగించాలి. దారి బెజ్జం లేకుండా బిగిస్తే చెక్క చీలుతుంది. స్క్రూల తలలు రేకులోకి దిగేలా గుంట చెయ్యండి.

చెక్కని మలచడానికి ముందు కెమెరాతో కలిపి పట్టుకుని మధ్యవేలు, ఉంగరపువేలు ఆనే చోట పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. అక్కడ ఆకురాయితో రెండు మి.మీ. గుంట తియ్యండి. పైకొస ఎత్తు షట్టర్ వేలికి అడ్డురాకుండా బాడీ పైఅంచుకి ఐదారు మి.మీ. కిందే ఆగాలి. ఉప్పు కాగితం 80, 150, 240, 400 నంబర్ల వరుసలో రుద్దండి. చెక్క బాడీకి తగిలేవైపు సన్నని రబ్బరో ఫెల్టో అంటించండి. బోల్టు ఒక్కటే ఉన్న గ్రిప్పు మెలి తిరుగుతుంది. ముందు చెక్క, కింద కార్క్ రెండూ ఆనినప్పుడే ఆ మెలి ఆగుతుంది.

బిగించడం వేళ్ళతో బిగిసినంత, ఆపైన పావు చుట్టు. అంతే. బోల్టు తల కిందికి పొడుచుకొస్తుంది కాబట్టి రేకు నాలుగు మూలలా తల ఎత్తుకి మించిన రబ్బరు పాదాలు అంటించండి, లేకపోతే బల్ల మీద కెమెరా ఊగుతుంది. రేకు బరువు సుమారు 30 గ్రాములు, చెక్క పన్నెండు, బోల్టూ స్క్రూలూ కలుపుకుని మొత్తం యాభై లోపే. కార్కూ, రేకూ, పాదాలూ కలిసి కెమెరాకి పెంచిన ఆ ఎత్తే చిటికెనవేలికి చోటు.

8. లెన్స్ బాడీ కంటే బరువైతే

పట్టుకోవాల్సింది లెన్స్‌ని. కెమెరా లెన్స్‌కి వేలాడాలి, లెన్స్ కెమెరాకి కాదు. నడిచేటప్పుడు పట్టీ కూడా లెన్స్ కాలరుకే (లెన్స్ చుట్టూ బిగించే, ట్రైపాడ్ పాదం ఉన్న రింగు). పాత మాన్యువల్ లెన్స్‌ని అడాప్టర్‌తో (లెన్స్‌కీ బాడీకీ మధ్య కలిపే రింగు) పెడుతుంటే, ఒక ట్రైపాడ్ పాదం ఉన్న అడాప్టర్ తీసుకోండి. అడాప్టర్ పొడవే బరువుని ఇంకా ముందుకు తోస్తుంది కదా, దాని కింద ఆసరా ఉండటం న్యాయం.

ట్రైపాడ్ మీద బాడీని బిగించి బరువైన లెన్స్ వేలాడదీస్తే ఫ్రేము సరిచేసి చేయి వదిలాక దృశ్యం మెల్లగా కిందికి జారుతుంది. హెడ్ నాబ్ ఎంత బిగించినా ఆగదు, ఎందుకంటే వంగేది రబ్బరు ప్లేటూ, బాడీ అడుగూ. కాలరు లేని లెన్స్ అయితే ఆర్కా తరహా (ట్రైపాడ్ హెడ్‌లో ముందుకీ వెనక్కీ జరిపి బిగించే) పొడవాటి పట్టా బిగించి, తూగే గీత హెడ్ మధ్యకి వచ్చేదాకా కెమెరాను వెనక్కి జరపండి.

9. బటన్లు

పట్టు కుదిరాక కూడా బొటనవేలు బటన్లు నొక్కేస్తుంటే మెనూ పని. కుడి అంచున ఉన్న బటన్‌కి 'ఏమీ లేదు' అని పెట్టండి, డయల్ లాక్ ఉంటే వేయండి. వ్యూఫైండర్ ఉన్న టచ్ స్క్రీన్‌లో ముక్కు తగిలి ఫోకస్ బిందువు పారిపోతుంటే, టచ్ ప్రాంతాన్ని కుడి సగానికే పరిమితం చెయ్యండి. ఎడమ కంటితో చూసేవాళ్ళు టచ్ పూర్తిగా ఆపేయడమే నయం.

ఆటో ఐఎస్ఓలో (వెలుగుని బట్టి సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకునే పద్ధతి) కనీస షట్టర్ వేగం పెట్టుకోండి. పాత సూత్రం ప్రకారం 35 మి.మీ. లెక్కలో ఫోకల్ లెంగ్త్ ఎంతో, సెకనులో అన్నో వంతు. 1.5 క్రాప్ కెమెరాలో (సెన్సార్ 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నది, లెన్స్ లెక్కని 1.5తో గుణించాలి) 50 మి.మీ. లెన్స్ అంటే 75, కాబట్టి 1/80. చేతులు చాచి స్క్రీన్ చూస్తూ తీసే కెమెరాకి దాన్ని రెట్టింపు చేసి 1/160 పెట్టండి. తేలికైన మిర్రర్‌లెస్ బాడీల్లో ఇంకో దొంగ ఉంటాడు: షట్టర్ తెర తాకిడే ఫొటోని చెరుపుతుంది. 1/60, 1/200 మధ్య మాత్రమే జంట గీతల్లాంటి మసక కనిపించి, అటూ ఇటూ వేగాల్లో ఫొటో బాగుంటే అనుమానం దాని మీదే. మెనూలో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (మొదటి తెర కదలకుండా సెన్సారే ఫొటో మొదలుపెట్టే పద్ధతి) ఆన్ చెయ్యండి. పట్టు మార్చడం వల్ల ఇది పోదు.

10. మళ్ళీ కొలవండి

చిన్న అక్షరాలున్న కాగితాన్ని గోడకి అంటించి రెండు మీటర్ల దూరం నుంచి 1/60, 1/30, 1/15, 1/8 వేగాల్లో పదేసి ఫొటోలు తియ్యండి. ఒకసారి గ్రిప్పుతో, ఒకసారి తీసేసి, మధ్యలో చేతికి ఐదు నిమిషాల విశ్రాంతి ఇచ్చి. 100 శాతం సైజులో చూసి అక్షరాలు చదవగలిగినవి లెక్కపెట్టండి. తేడా ఒకటి రెండు ఫొటోలే అయితే అది లెక్కలోకి రాదు, పదిలో నాలుగైదు పెరిగితే ఆ గ్రిప్పు తన బరువుకి న్యాయం చేసినట్టే.

తర్వాత కెమెరాను అన్ని తగిలింపులతో త్రాసు మీద పెట్టండి. మొదటి బరువుకి ఐదో వంతుకి మించి పెరిగితే ఏదో ఒకటి ఎక్కువైంది. మామూలుగా బొటనవేలి ఆసరా ఉండగా ముందు గ్రిప్పు, లేదా కింద గ్రిప్పు ఉండగా ముందు గ్రిప్పు అక్కర్లేనిది అవుతుంది. వారానికోసారి బోల్టునీ హాట్ షూనీ వేలితో కదిలించి చూడండి. కార్క్ మొదటి వారంలో కొంచెం కుంగుతుంది, అప్పుడు బోల్టుకి ఇంకో ఎనిమిదో వంతు చుట్టు పడుతుంది. ఆ తర్వాత కెమెరాను ఎప్పుడూ పెట్టుకునే జేబులోనో సంచిలోనో ఒకసారి పెట్టి చూడండి. పట్టకపోతే, మొదట తియ్యాల్సింది ముందుకు పొడుచుకొచ్చే చెక్క.